గ్యాస్ పట్టించే ముందు: కారు ఏసీ, హీటర్ లోపాన్ని మీరే కనిపెట్టడం ఎలా

కారు ఏసీ చల్లగా రావడం లేదని ఎవరితో అన్నా వెంటనే వచ్చే జవాబు ఒకటే: "గ్యాస్ అయిపోయి ఉంటుంది, పట్టించు." ఈ మాట నిజమయ్యే సందర్భాలు ఉన్నాయి. కానీ ఏ పరీక్షా చేయకుండా దీన్నే నమ్ముకుంటే డబ్బు పోతుంది, లోపం మాత్రం అలాగే ఉంటుంది. గ్యాస్ పెట్రోలు లాంటిది కాదు. వాడేకొద్దీ ఖర్చు కాదు. కారు కొత్తగా ఉన్నప్పుడు నింపిన గ్యాసే మూసిన పైపుల్లో ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. రబ్బరు పైపుల నుంచి, జాయింట్ల నుంచి ఏడాదికి ఏ కొంచెమో బయటికి పోవడం మామూలే. అంతకు మించి తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టు.

నా పాత కారుకు ఒకే వేసవిలో రెండుసార్లు గ్యాస్ పట్టించాను. పట్టించిన ప్రతిసారీ రెండు రోజులు బాగున్నట్టే అనిపించేది. చివరికి తేలింది ఏమిటంటే, కండెన్సర్‌కు (గ్యాస్ వేడిని బయటికి వదిలే భాగానికి) గాలి అందించే ఫ్యాన్ తిరగడం లేదు. హైవే మీద చల్లగా ఉండేది, సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగాలి వచ్చేది. ఆ ఒక్క విషయాన్ని గమనించి మొదటి రోజే చెప్పి ఉంటే పది నిమిషాల్లో తేలిపోయేది. అందుకే చెబుతున్నాను: లోపం ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు పోతోంది అన్నది గమనిస్తే సగం పని అయిపోయినట్టే. మిగతా సగానికి మీ చేయి, చెవి, ముక్కు, ఒక చిన్న థర్మామీటరు చాలు.

లోపల ఏం జరుగుతుంది

ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు. కారు లోపలి వేడిని మోసుకెళ్లి బయట వదిలేస్తుంది. ఆ మోసే పని గ్యాస్‌ది. కంప్రెసర్ గ్యాస్‌ను గట్టిగా నొక్కుతుంది, ఆ ఒత్తిడికి గ్యాస్ బాగా వేడెక్కుతుంది. ఆ వేడి గ్యాస్ రేడియేటర్ ముందున్న కండెన్సర్‌లోకి వెళ్లి, తన వేడిని బయటి గాలికి ఇచ్చేసి ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అనే సన్నని దారి గుండా డ్యాష్‌బోర్డు వెనక ఉన్న కూలింగ్ కాయిల్‌లోకి చిమ్ముతుంది. అక్కడ ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది కాబట్టి మరిగి ఆవిరైపోతుంది. చాలా కార్లలో వాడే ఆర్-134ఏ గ్యాస్ మామూలు వాతావరణ ఒత్తిడిలో మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. మరగడానికి కావలసిన వేడిని కాయిల్ మీదుగా పోయే గాలి నుంచి లాక్కుంటుంది. చల్లబడిన ఆ గాలినే బ్లోయర్ మీ మీదికి తోస్తుంది.

హీటర్ సంగతి వేరు. మామూలు పెట్రోలు, డీజిల్ కార్లలో దానికి కంప్రెసర్‌తో గానీ గ్యాస్‌తో గానీ పని లేదు. ఇంజిన్ వేడిని తీసుకున్న కూలెంట్, డ్యాష్‌బోర్డు వెనక ఉన్న ఒక చిన్న రేడియేటర్‌లోకి వస్తుంది. దాన్ని హీటర్ కోర్ అంటారు. అదే బ్లోయర్ గాలి దాని మీదుగా వస్తే వెచ్చగా ఉంటుంది. ఎంత గాలి హీటర్ కోర్ మీదుగా పోవాలో ఒక ఫ్లాప్ తేలుస్తుంది. మీరు టెంపరేచర్ నాబ్ తిప్పినప్పుడు కదిలేది అదే.

కాబట్టి ఏసీ చల్లగా లేకపోతే వేసుకోవలసిన ప్రశ్నలు నాలుగు. గాలి సరిగా వస్తోందా? గ్యాస్ తిరుగుతోందా? తిరిగిన గ్యాస్ తన వేడిని బయట వదలగలుగుతోందా? చల్లబడిన గాలిలో మళ్లీ వేడిగాలి కలుస్తోందా?

బోనెట్ ఎత్తే ముందు జాగ్రత్తలు

రేడియేటర్ ఫ్యాన్ ఇంజిన్ ఆపేశాక కూడా ఉన్నట్టుండి తిరగొచ్చు. చేయి, వదులు బట్టలు, వేలాడే జుట్టు, మెడలో గొలుసు దాని దగ్గరికి, బెల్టు దగ్గరికి పోనివ్వద్దు. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత గానీ కూలెంట్ ట్యాంకు మూత గానీ తెరవద్దు. లోపల ఒత్తిడితో ఉన్న కూలెంట్ ఎగజిమ్మి ముఖం కాలుతుంది. గ్యాస్ పైపుల నట్లు, వాల్వులు ఏ కారణంతోనూ వదులు చేయొద్దు. బయటికి వచ్చే గ్యాస్ చర్మాన్ని క్షణాల్లో గడ్డకట్టిస్తుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. మంట తగిలితే విషవాయువులు పుడతాయి.

ఎలక్ట్రిక్ కార్లలో, చాలా హైబ్రిడ్ కార్లలో కంప్రెసర్ బ్యాటరీ కరెంటుతో నడుస్తుంది. దానికి వెళ్లే నారింజ రంగు కేబుళ్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ ఉంటుంది. వాటిని తాకనే తాకొద్దు. కింద చెప్పిన వాటిలో కారు లోపల కూర్చుని చేసే పరీక్షలు మాత్రం ఆ కార్లకూ పనికొస్తాయి.

1. లోపం ఎప్పుడు వస్తోందో రాసుకోండి

ఒకటి రెండు రోజులు మామూలుగా కారు నడుపుతూ గమనించండి. ఫోన్‌లో రాసుకుంటే ఇంకా మంచిది. ఒక్కో లక్షణం ఒక్కో వైపు దారి చూపిస్తుంది.

కారు పరుగెడుతున్నప్పుడు చల్లగా, ఆగితే వెచ్చగా ఉంటే కండెన్సర్‌కు గాలి అందడం లేదు. ఫ్యాన్‌ను చూడాలి. మొదట అరగంట బాగా చల్లగా వచ్చి, తర్వాత గాలే తగ్గిపోతూ వస్తే కూలింగ్ కాయిల్ మీద మంచు కడుతోంది. గాలి జోరుగానే ఉండి చల్లదనం మాత్రం ఉన్నట్టుండి ఆగి, కాసేపటికి తిరిగి వస్తుంటే కంప్రెసర్ కట్ అవుతోంది. ఒక పక్క చల్లగా, ఇంకో పక్క వెచ్చగా ఉంటే ఫ్లాప్ చెడిపోయి ఉండొచ్చు లేదా గ్యాస్ తక్కువై ఉండొచ్చు. చల్లదనం నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తే నెమ్మదిగా కారే లీకు. నిన్న బాగుండి ఈ రోజు పూర్తిగా పోతే ఫ్యూజ్, రిలే (కరెంటును కలిపే, ఆపే చిన్న స్విచ్ డబ్బా), కంప్రెసర్‌ను బెల్టు పుల్లీతో కలిపే క్లచ్, లేదా రాయి తగిలి చిల్లిపడిన కండెన్సర్.

ఎండలో గంటల తరబడి నిలబెట్టిన కారు ఎక్కగానే చల్లబడలేదని కంగారు పడొద్దు. సీట్లు, డ్యాష్‌బోర్డు, పైకప్పు అన్నీ వేడిని దాచుకుని ఉంటాయి. ముందు అద్దాలన్నీ దించి రెండు నిమిషాలు నడిపి ఆ వేడిగాలిని బయటికి పంపండి. తర్వాత అద్దాలు ఎత్తి రీసర్క్యులేషన్ (లోపలి గాలినే మళ్లీ తిప్పడం) పెట్టండి. దానికే పావుగంట పట్టినా అది లోపం కాదు.

2. గాలి సంగతి చూడండి

అన్నిటికంటే సులువైనది, అందరూ మరిచిపోయేది కారు లోపలికి వచ్చే గాలిని వడకట్టే కేబిన్ ఫిల్టర్. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. గ్లవ్ బాక్స్‌ను రెండు పక్కలా లోపలికి నొక్కితే కిందికి వేలాడుతుంది, వెనక ఒక సన్నని మూత కనిపిస్తుంది. పనిముట్లేవీ అక్కర్లేదు. మీ కారులో ఎక్కడుందో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఫిల్టర్ తీసి వెలుతురుకు పట్టి చూడండి. వెలుతురు అసలు కనబడకపోతే, మడతల్లో ఆకులు, దుమ్ము, జుట్టు పేరుకుపోతే మార్చేయండి. కడిగి వాడమని కంపెనీ చెబితే తప్ప కాగితం ఫిల్టర్‌ను కడగొద్దు, తడిస్తే దాని పొరలు పాడవుతాయి. కొత్తది పెట్టేటప్పుడు దాని అంచు మీద ఉన్న బాణం గుర్తు గాలి పోయే దిక్కుకు ఉండాలి.

ఒక చిన్న పరీక్ష: ఫిల్టర్ తీసేసి, మూత పెట్టి, బ్లోయర్ పూర్తి వేగంలో వేయండి. గాలి ఒక్కసారిగా జోరందుకుంటే తప్పు ఫిల్టర్‌దే. తేడా లేకపోతే బ్లోయర్‌నో, మంచు కట్టిన కాయిల్‌నో, సరిగా తెరుచుకోని ఫ్లాప్‌నో అనుమానించాలి.

బ్లోయర్ 1, 2, 3 మీద పనిచేయక చివరి నంబరు మీద మాత్రమే తిరుగుతోందా? ఇది బాగా తెలిసిన లోపం. వేగాన్ని తగ్గించే రెసిస్టర్ కాలిపోయింది. చివరి వేగంలో కరెంటు రెసిస్టర్‌ను దాటుకుని నేరుగా మోటారుకు వెళుతుంది కాబట్టి అది ఒక్కటి పనిచేస్తుంది. రెసిస్టర్ చిన్న భాగం, మార్చడం పెద్ద పని కాదు. కానీ అది ఎందుకు కాలిందో కూడా అడగండి. మోటారు అరిగి బిగుసుకుపోతూ ఎక్కువ కరెంటు లాగుతుంటే కొత్త రెసిస్టర్ కూడా కొన్నాళ్లకు పోతుంది.

బ్లోయర్ ఏ వేగంలోనూ తిరగకపోతే ముందు ఫ్యూజ్ చూడండి. ఫ్యూజ్ పోయి ఉంటే అదే ఆంపియర్ ఉన్నది వేయండి. అది కూడా వెంటనే పోతే ఇంకా పెద్ద ఫ్యూజ్ వేసే ప్రయత్నం చేయొద్దు, వైర్లు కాలి కారుకే నిప్పంటుకుంటుంది. ఫ్యూజ్ బాగుండి కూడా బ్లోయర్ తిరగకపోతే, స్విచ్ వేసి గ్లవ్ బాక్స్ కింద మోటారు మీద చేత్తో మెల్లగా తట్టండి. తట్టగానే తిరిగితే మోటారు లోపలి బ్రష్షులు అరిగిపోయాయని అర్థం. టకటకా శబ్దం వస్తూ వేగంతో పాటు పెరుగుతుంటే చాలాసార్లు అది లోపల పడిన ఎండుటాకు.

3. థర్మామీటరు పెట్టి కొలవండి

"పోయిన నెల ఇంకా చల్లగా ఉండేది" అన్నది మనసుకు తోచే మాట. అంకె ఉంటే వాదన ఉండదు. నీడలో కారు ఆపి, బోనెట్ ఎత్తి ఉంచి, ఇంజిన్ ఆన్‌లో పెట్టండి. ఏసీ పూర్తి చల్లదనంలో, రీసర్క్యులేషన్‌లో, బ్లోయర్ మధ్య వేగంలో పెట్టండి. థర్మామీటరు మధ్య వెంట్‌లోకి దూర్చి పది నిమిషాలు ఆగండి. బయట 30 డిగ్రీల లోపు ఉన్న రోజున 5 నుంచి 10 డిగ్రీల మధ్య వస్తే ఏసీ ఆరోగ్యంగా ఉన్నట్టే. బాగా ఎండగా, ఉక్కగా ఉన్న రోజున ఇంకొన్ని డిగ్రీలు ఎక్కువ చూపించినా తప్పు పట్టొద్దు. ఉక్కలో కాయిల్ శక్తి చాలావరకు గాలిలోని తేమను నీరుగా మార్చడానికే పోతుంది.

ఇదే కొలత ఇంజిన్‌ను కాస్త రేజ్ చేసి, అంటే 1500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచి, మళ్లీ తీసుకోండి. రేజ్ చేస్తే బాగా చల్లబడి, వదలగానే వేడెక్కుతుంటే ఫ్యాన్ గానీ, బలం తగ్గిన కంప్రెసర్ గానీ, తక్కువైన గ్యాస్ గానీ కారణం. వాటిలో ఏదో తర్వాతి మెట్టు చెబుతుంది.

4. బోనెట్ కింద చూడాల్సినవి

ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఇంకొకరిని లోపల కూర్చోబెట్టి ఏసీ స్విచ్ వేయమనండి. క్లచ్ ఉన్న కంప్రెసర్ అయితే 'టక్' మని శబ్దం వస్తుంది, ఇంజిన్ శబ్దం కొంచెం మారుతుంది. దూరం నుంచి టార్చి వేసి కంప్రెసర్ పుల్లీ చూడండి. ఏసీ వేయకపోయినా బయటి పుల్లీ బెల్టుతో పాటు తిరుగుతూనే ఉంటుంది, దాన్ని చూసి మోసపోవద్దు. ముందున్న పళ్లెం లాంటి ప్లేటు కూడా కలిసి తిరుగుతుంటేనే కంప్రెసర్ పనిచేస్తున్నట్టు. చాలా కొత్త కార్లలో క్లచ్ ఉండదు, కంప్రెసర్ ఎప్పుడూ తిరుగుతూ అవసరాన్ని బట్టి తన పనిని తగ్గించుకుంటుంది, పెంచుకుంటుంది. వాటిలో 'టక్' వినపడకపోతే భయపడొద్దు.

ప్లేటు అసలు కదలకపోతే కారణాలు రెండు రకాలు. ఒకటి కరెంటు రాకపోవడం: ఫ్యూజ్, రిలే, స్విచ్. చాలా కార్లలో ఫ్యూజ్ డబ్బాలో హారన్ రిలే, ఏసీ రిలే ఒకేలా ఉంటాయి. రెంటి మీదా నంబరు ఒకటే అయితే, ఇంజిన్ ఆపి అటుదిటు మార్చి చూడండి. ఏసీ పనిచేసి హారన్ ఆగిపోతే దొంగ దొరికినట్టే. రెండోది, కారే కావాలని ఆపేయడం. గ్యాస్ బాగా తగ్గితే ప్రెజర్ స్విచ్ కంప్రెసర్‌ను తిరగనివ్వదు. గ్యాస్‌తో పాటు తిరిగే నూనె అందక కంప్రెసర్ బిగుసుకుపోకుండా ఇది కాపలా. ఇంజిన్ మరీ వేడెక్కినా ఏసీని ఆపేసే కార్లు ఉన్నాయి, కాబట్టి టెంపరేచర్ ముల్లు కూడా చూడండి. ప్రెజర్ స్విచ్‌ను వైరు ముక్కతో కలిపేసి కంప్రెసర్‌ను బలవంతంగా తిప్పమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు.

ప్లేటు కొన్ని సెకన్లు తిరిగి ఆగి, మళ్లీ తిరిగి ఆగుతుంటే గ్యాస్ తక్కువన్న గుర్తు బలంగా ఉన్నట్టే. గంటసేపు నడిచి బాగా వేడెక్కాక మాత్రమే ఆగిపోయి, చల్లారాక తిరిగి పట్టుకుంటుంటే క్లచ్ అరిగి ఉండొచ్చు. ప్లేటుకు పుల్లీకి మధ్య ఖాళీ మామూలుగా అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. అరుగుదలతో అది పెరిగితే, వేడికి బలం తగ్గిన అయస్కాంతం ప్లేటును లాక్కోలేదు. ఇలాంటి కారుకు గ్యాస్ ఎంత పట్టించినా ప్రయోజనం లేదు.

తర్వాత పైపులు. డ్యాష్‌బోర్డు వైపు వెళ్లే రెండు అల్యూమినియం పైపుల్లో ఒకటి లావుగా, ఒకటి సన్నగా ఉంటుంది. ఏసీ పది నిమిషాలు నడిచాక లావు పైపును తాకితే చల్లగా, గాలిలో తేమ ఉంటే చెమట పట్టినట్టు తడిగా ఉండాలి. సన్న పైపు వెచ్చగా ఉండాలి. కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కు వెళ్లే పైపు మాత్రం చేయి కాలేంత వేడిగా ఉండొచ్చు, దాన్ని తాకొద్దు. లావు పైపు, సన్న పైపు రెండూ ఒకే వేడిలో ఉంటే గ్యాస్ లేదు, లేదా కంప్రెసర్ తిరుగుతున్నా నొక్కడం లేదు. లావు పైపు బాగా చల్లగా ఉండి, వెంట్‌లోంచి మాత్రం వెచ్చటి గాలి వస్తుంటే గ్యాస్‌ను మరిచిపోండి. తప్పు ఫ్లాప్‌ది.

ఇక నన్ను రెండుసార్లు ఖర్చుపాలు చేసిన ఫ్యాన్. చాలా కార్లలో ఏసీ వేసిన కొద్దిసేపటికే రేడియేటర్ దగ్గర ఫ్యాన్ తిరగాలి. తిరగకపోయినా, నీరసంగా తిరిగినా కండెన్సర్ వేడి వదలలేదు, లోపల ఒత్తిడి పెరిగి కంప్రెసర్ కట్ అవుతుంది. దీన్ని ఖాయం చేసుకోవడానికి నీళ్ల పరీక్ష ఉంది. కారు నిలిపి ఏసీ వేసి, థర్మామీటరు వెంట్‌లో ఉంచి, ముందు గ్రిల్ గుండా కండెన్సర్ మీద నీళ్లు సన్నగా చల్లండి. వెంట్ దగ్గర అంకె గబగబా పడిపోతే గ్యాస్ దాదాపు సరిపడానే ఉంది, కండెన్సర్‌కే గాలి చాలడం లేదు. ఫ్యాన్ బాగానే తిరుగుతుంటే కండెన్సర్ రెక్కల మధ్య చూడండి. పురుగులు, దుమ్ము, బురద పేరుకుని ఉంటే మామూలు పైపుతో తక్కువ ఒత్తిడి నీళ్లు పెట్టి కడగండి. ప్రెజర్ గన్ దగ్గరగా పెడితే ఆ సన్నని రెక్కలు వంగి, ఉన్న దారీ మూసుకుపోతుంది.

5. గ్యాస్ తగ్గిందని తేలితే

ఇప్పుడు గ్యాస్ మాట మాట్లాడవచ్చు. ముందు లీకు ఎక్కడో వెతకాలి. గ్యాస్‌తో పాటు నూనె కూడా తిరుగుతుంది కాబట్టి లీకైన చోట జిడ్డు మరక పడి, దాని మీద దుమ్ము అంటుకుంటుంది. కండెన్సర్ ముందు భాగం, పైపుల జాయింట్లు, కంప్రెసర్ చుట్టుపక్కల టార్చి వేసి చూడండి. కంటికి కనపడకపోతే వర్క్‌షాపులో రంగు ఎక్కించి అల్ట్రావయొలెట్ దీపంతో చూస్తారు, లేదా నైట్రోజన్ నింపి సబ్బు నురగతో పట్టుకుంటారు. అన్నిటికంటే కష్టమైనది డ్యాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్ లీకు. దాన్ని చూడ్డానికే చాలా విప్పాలి. అందుకే మిగతా చోట్లు అన్నీ చూశాకే దాని జోలికి వెళ్లమనండి.

ఒత్తిడి కొలిచే గేజీలు పెట్టినప్పుడు పక్కనే నిలబడి అంకెలు చూడండి. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు చూపించే ఒత్తిడి గ్యాస్ ఎంత ఉందో చెప్పదు, ఎంత వేడిగా ఉందో చెబుతుంది. 25 డిగ్రీల వేడిలో ఆర్-134ఏ ఉన్న కారులో రెండు గేజీలూ 80 పీఎస్ఐ (టైరు గాలిని కొలిచే లెక్కే) దగ్గర నిలుస్తాయి. లోపల కాస్త ద్రవం మిగిలి ఉన్నంతకాలం సగం గ్యాస్ పోయినా ఆ అంకె మారదు. ఏసీ నడుస్తున్నప్పటి అంకెలే పనికొస్తాయి. మామూలుగా తక్కువ ఒత్తిడి వైపు 25 నుంచి 45, ఎక్కువ ఒత్తిడి వైపు 150 నుంచి 250 మధ్య ఉంటాయి, ఎండను బట్టి ఎక్కువ ఒత్తిడి వైపు అంకె ఇంకా పెరగొచ్చు. రెండూ తక్కువగా ఉంటే గ్యాస్ తక్కువ. రెండూ ఎక్కువగా ఉంటే గ్యాస్ ఎక్కువైంది లేదా కండెన్సర్ వేడి వదలడం లేదు. తక్కువ వైపు ఎక్కువగా, ఎక్కువ వైపు తక్కువగా ఉంటే కంప్రెసర్ అరిగిపోయింది. తక్కువ వైపు సున్నా కిందికి జారిపోతుంటే దారిలో ఎక్కడో అడ్డు పడింది, చాలాసార్లు ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర.

సరైన పద్ధతిలో అయితే లీకు బాగుచేసి, మిగిలిన గ్యాస్‌ను యంత్రంతో వెనక్కి లాగి, కనీసం అరగంట వ్యాక్యూమ్ చేసి, ఆ వ్యాక్యూమ్ నిలుస్తోందో లేదో కాసేపు చూసి, తర్వాత తూకం వేసి గ్యాస్ నింపాలి. వ్యాక్యూమ్ ఎందుకంటే లోపల గాలి, తేమ మిగలకూడదు. తేమ గ్యాస్‌తో, నూనెతో కలిస్తే యాసిడ్ పుట్టి లోహాన్ని తినేస్తుంది, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర మంచుగా గడ్డకట్టి దారి మూసేస్తుంది. ఎన్ని గ్రాములు నింపాలో బోనెట్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. చిన్న కార్లలో ఇది అర కిలో అటూ ఇటూ. అంత తక్కువ కొలతలో వంద గ్రాముల తేడా కూడా తెలిసిపోతుంది. ఎక్కువ పడితే ఎక్కువ చల్లదనం వస్తుందనుకోవద్దు, కండెన్సర్‌లో ద్రవం నిండిపోయి చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది.

గ్యాస్ రకం కూడా ఆ స్టిక్కర్ మీదే ఉంటుంది. కొన్ని కొత్త కార్లలో ఆర్-1234వైఎఫ్ అనే వేరే గ్యాస్ వస్తోంది. దీనికి, ఆర్-134ఏకి కనెక్షన్లే వేరు, ఒకదానిలో ఇంకోటి కలపకూడదు. గ్యాస్‌ను ఊరికే గాలిలోకి వదిలేయడం కూడా తప్పే. ఒక కిలో ఆర్-134ఏ, వెయ్యి కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ చేసినంత వాతావరణాన్ని వేడెక్కిస్తుంది.

మంచు కట్టే కాయిల్

దూర ప్రయాణంలో గాలి క్రమంగా తగ్గిపోయి, ఏసీ స్విచ్ ఆపి బ్లోయర్ మాత్రం పావుగంట నడిపితే మళ్లీ జోరుగా వస్తోందా? ఆ పావుగంటలో కారు కింద మామూలు కంటే ఎక్కువ నీళ్లు కారాయా? కాయిల్ మీద కట్టిన మంచు కరిగింది. కాయిల్ వేడిని చూసి కంప్రెసర్‌ను ఆపాల్సిన సెన్సర్ పాడైతే ఇలా జరుగుతుంది. మూసుకుపోయిన ఫిల్టర్ వల్ల, కొద్దిగా తగ్గిన గ్యాస్ వల్ల కూడా జరుగుతుంది. ముందు ఫిల్టర్, తర్వాత గ్యాస్, చివరికి సెన్సర్ చూడమనండి.

నీళ్లు, వాసనలు

ఏసీ నడిచాక కారు కింద నీళ్లు కారడం మంచి గుర్తు. ఆ నీళ్లు బయట పడకుండా కారు లోపల, కాళ్ల దగ్గర చాప తడుస్తుంటే డ్రెయిన్ పైపు మూసుకుపోయింది. కింది నుంచి ఆ రబ్బరు పైపు మూతిని పిసికి, సన్నని మెత్తటి వైరుతో మట్టి తీసేస్తే నీళ్లు భళ్లున పడతాయి. గట్టిగా పొడిచి పైపును ఊడగొట్టొద్దు. ఆ తడి రంగుగా, జిగురుగా, తియ్యటి వాసనతో ఉంటే మాత్రం అది నీరు కాదు, కూలెంట్. హీటర్ కోర్ కారుతోంది. ముందు అద్దం లోపలివైపు తుడిచినా పోని జిడ్డు పొర పడుతుండటం కూడా దాని గుర్తే. ఆ కూలెంట్ విషం. పిల్లలను, పెంపుడు జంతువులను దానికి దూరంగా ఉంచండి, బాగుచేసేదాకా ఆలస్యం చేయొద్దు.

ఏసీ వేయగానే వచ్చే ముక్కిపోయిన వాసన తడి కాయిల్ మీద పెరిగిన బూజుది. గమ్యం చేరడానికి రెండు మూడు నిమిషాల ముందు ఏసీ స్విచ్ ఆపి, బయటి గాలి దారి తెరిచి, బ్లోయర్ నడిపితే కాయిల్ ఆరుతుంది. ఈ అలవాటు ఉంటే వాసన చాలావరకు రాదు. ఇప్పటికే పట్టేస్తే ఫిల్టర్ మార్చి కాయిల్ శుభ్రం చేయించాలి, సెంటు బుడ్డి పెడితే బూజు చావదు. పొగ వాసన, సైలెన్సర్ వాసన లోపలికి వస్తుంటే అన్నీ వదిలేసి అద్దాలు దించి కారు ఆపండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, పొగతో పాటు అదీ వస్తుంది, నిద్ర ముంచుకొచ్చినట్టే ఉండి మనిషి పోతాడు.

ఫ్లాపులు

నాబ్ తిప్పినప్పుడు డ్యాష్‌బోర్డు లోపల నుంచి టిక్ టిక్ టిక్ మని కొన్ని సెకన్లు వినపడి ఆగితే, ఫ్లాప్‌ను తిప్పే చిన్న మోటారులో ప్లాస్టిక్ పళ్లు విరిగాయి. ఎంత చల్లదనం పెట్టినా వెచ్చగానే రావడం, ముఖానికి పెడితే కాళ్లకు రావడం దీని వల్లే. కేబుల్ ఉన్న పాత కార్లలో నాబ్ వదులుగా తిరిగిపోతుంటే కేబుల్ ఊడి ఉంటుంది.

హీటర్ వెచ్చగా రాకపోతే

ముందు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం చూడండి. ట్యాంకు మీద కనిష్ఠం, గరిష్ఠం గీతల మధ్య ఉండాలి. హీటర్ కోర్ ఎత్తులో ఉండే కార్లలో కూలెంట్ తగ్గితే మొదట దెబ్బతినేది హీటరే. రేజ్ చేస్తే వెచ్చగా, ఐడ్లింగ్‌లో చల్లగా రావడం, డ్యాష్‌బోర్డు వెనక నీళ్లు గలగలమనడం తక్కువ కూలెంట్‌కు, లోపల చేరిన గాలికి గుర్తులు. నింపడంతో సరిపెట్టొద్దు, ఎటు పోయిందో చూడాలి. బయట ఎక్కడా కారకుండానే తగ్గుతూ, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ తియ్యటి వాసనతో వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగానికి, కింది భాగానికి మధ్య ఉండే సీలు) పరీక్ష చేయించండి.

కూలెంట్ సరిగా ఉంటే టెంపరేచర్ ముల్లు చూడండి. పావుగంట నడిపినా మధ్యకు రాకపోతే, హైవే మీద వేగం పెరిగే కొద్దీ కిందికి దిగుతుంటే, థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయింది. ఇంజిన్ రకాన్ని బట్టి 80 నుంచి 95 డిగ్రీల దగ్గర తెరుచుకోవాల్సిన వాల్వ్ అది. దీన్ని వదిలేస్తే కాళ్లకు చలి ఒక్కటే కాదు, ఇంజిన్ ఎప్పుడూ చల్లగా నడిచి మైలేజీ తగ్గుతుంది.

ముల్లు సరిగా నిలుస్తుంటే, వేడెక్కిన ఇంజిన్‌ను ఆపి, డ్యాష్‌బోర్డులోకి వెళ్లే రెండు హీటర్ హోసులను మడత గుడ్డతో క్షణం పట్టి చూడండి. రెండూ వేడిగా ఉండి గాలి చల్లగా వస్తే ఫ్లాప్. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే హీటర్ కోర్ మట్టితో మూసుకుపోయింది, లేదా హోసు మీద ఉన్న హీటర్ వాల్వ్ తెరుచుకోవడం లేదు. కోర్‌ను వెనక వైపు నుంచి నీళ్లు పంపి కడిగిస్తే చాలావరకు తెరుచుకుంటుంది. రేడియేటర్ లీకులు ఆపుతామని చెప్పే మందులు పోయడం వల్ల ఈ సన్నని గొట్టాలే ముందు మూసుకుపోతాయి, అందుకే అవి పోయించొద్దని నా గట్టి మాట.

హీటర్ వాల్వ్ మూసుకోకపోతే దీనికి తలకిందులు జరుగుతుంది. వేడి కూలెంట్ ఎప్పుడూ కోర్‌లో తిరుగుతుంటుంది, ఫ్లాప్ కాస్త సందు ఇచ్చినా వేసవిలో ఏసీ గాలి వెచ్చబడుతుంది.

చలిలో, వానలో అద్దం లోపల ఆవిరి పడితే హీటర్, ఏసీ రెండూ కలిపి వేయండి, రీసర్క్యులేషన్ తీసేయండి. ఏసీ తేమను లాగేస్తుంది, హీటర్ అద్దాన్ని వెచ్చబరుస్తుంది. అలా వేసినా నిమిషాల తరబడి ఆవిరి పోకపోతే ఏసీలో చల్లదనం లేదనే అర్థం, చలికాలంలో అది బయటపడే చోటు ఇదే. ఆవిరి అద్దం బయట పడితే వైపర్ వేసి, లోపల చల్లదనం తగ్గించండి.

వర్క్‌షాపులో

"ఏసీ పనిచేయడం లేదు" అని చెప్పకండి. "ఆగినప్పుడు వెంట్ దగ్గర 19, రేజ్ చేస్తే 11, నీళ్లు చల్లితే 9, ఫ్యాన్ తిరగడం లేదు" అని చెప్పండి. గ్యాస్ పట్టించాలంటే లీకు ఎక్కడ దొరికింది, వ్యాక్యూమ్ ఎంతసేపు పెట్టారు, ఎన్ని గ్రాములు నింపారు అని అడిగి బిల్లు మీద రాయించుకోండి. కారు తీసుకునేటప్పుడు అక్కడే పది నిమిషాలు థర్మామీటరు పెట్టి వెంట్ అంకె చూడండి. ఆ అంకె, ఆ రోజు బయటి వేడి, తేదీ ఒక చీటీ మీద రాసి గ్లవ్ బాక్స్‌లో పెట్టండి. వచ్చే ఏడాది అంత వేడి ఉన్న రోజునే మళ్లీ కొలిచి ఆ చీటీతో పోల్చి చూడండి.